పాత బస్సు కొనేముందు షెడ్డు చూసుకోండి

బ్రిటన్‌లో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో ఒక పాత బస్సును బాగుచేసి రోడ్డెక్కించాలని ముచ్చటపడే మనవాళ్లకు నేను మొదట చెప్పేది షెడ్డు సంగతి. లండన్ ఎర్ర డబుల్ డెక్కర్ రూట్‌మాస్టర్‌నే తీసుకోండి. ఎత్తు దాదాపు 4.4 మీటర్లు, పొడవు 8.4 మీటర్లు, బరువు ఏడు టన్నుల పైమాటే. ఆరుబయట వదిలేస్తే రెండు రోజులు మీరు పడ్డ కష్టాన్ని మిగతా ఐదు రోజుల వాన తినేస్తుంది. బస్సుకు డబ్బు ఒక్కసారి కడితే సరిపోతుంది. షెడ్డు అద్దె, ఇన్సూరెన్సు మాత్రం జీతంలోంచి పోతూనే ఉంటాయి. ఆ లెక్క కుదిరాకే బేరానికి దిగండి.

అసలు మొదటి ఏడాది కొనకపోవడమే మంచిది. వేబ్రిడ్జ్ దగ్గర బ్రూక్‌లాండ్స్‌లో లండన్ బస్ మ్యూజియం ఉంది, మాంచెస్టర్ చీటమ్ హిల్‌లో రవాణా మ్యూజియం ఉంది. రెండుచోట్లా వాలంటీర్లు పనిచేస్తారు. వెళ్లి చేరండి. మొదట్లో తుప్పు గీకమనో, సీట్లు తుడవమనో అంటారు. చిన్నతనం అనుకోకండి, చేయి తిరగడం అక్కడే మొదలవుతుంది.

ఏ బస్సు కొనాలన్నది అందం చూసి తేల్చకండి, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో చూసి తేల్చండి. 1954 నుంచి 1968 దాకా 2,876 రూట్‌మాస్టర్లు తయారయ్యాయి. 2005 డిసెంబరు 9న 159 నంబరు రూటులో మామూలు సర్వీసు ముగిసేదాకా లండన్ రోడ్ల మీద తిరిగాయి. అందుకే సామానుకూ, పని తెలిసినవాళ్లకూ ఇంకా కరువు లేదు. పైగా బాడీ అల్యూమినియం. అంతకంటే పాత బస్సుల్లో చాలావాటికి లోపల చెక్క ఫ్రేము ఉంటుంది. కొత్త పెయింటు మెరుపు చూసి మోసపోవద్దు. యజమానిని అడిగి, కిటికీ కింద స్తంభం మొదట్లో స్క్రూడ్రైవర్ మొన ఆనించి నొక్కండి. మెత్తగా దిగిందా, చెక్క పుచ్చినట్టే. మెట్ల కింద, వెనక ప్లాట్‌ఫారం అడుగున కూడా టార్చి వేసి చూడండి.

పని మొదలెట్టాక బస్సు మొత్తం ఒకేసారి విప్పకండి. ఉద్యోగస్తుల ప్రాజెక్టులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఒక వారం ఒక తలుపు, ఇంకో వారం ఒక సీటు, అంతే. విప్పేముందు ఫోటో తీసుకోండి, బోల్టులు కవర్లో వేసి ఎక్కడివో రాసిపెట్టండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్మును గాలిపైపుతో ఊదనే ఊదకండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బస్సు కిందికి దూరకండి.

ఇంత శ్రమకూ ఫలం రన్నింగ్ డే, అంటే పాత బస్సులు జనాన్ని ఎక్కించుకుని మళ్లీ రోడ్డు మీద తిరిగే రోజు. అది చూడాలంటే సొంత బస్సు ఉండక్కర్లేదు. సాలిస్‌బరీ మైదానంలోని ఇంబర్ గ్రామాన్ని 1943లో సైనిక శిక్షణ కోసం ఖాళీ చేయించారు, ఊరివాళ్లు మళ్లీ తిరిగి రాలేదు. 2009లో మొదలుపెట్టి, ఏటా ఒక్కరోజు వార్‌మిన్‌స్టర్ నుంచి ఆ ఊరికి పాత లండన్ బస్సులు నడుపుతున్నారు. మామూలుగా అది ఆగస్టులో ఒక శనివారం. పై అంతస్తు ముందు సీటులో కూర్చుని, ఇళ్లు వాకిళ్లు లేని ఆ మైదానం మీదుగా వెళ్లడం లాంటి ప్రయాణం నాకు మరొకటి తెలియదు.

ఎక్కాక కండక్టర్ గంట వినండి. ఒకటి కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని, మూడు కొడితే బస్సు నిండిందని. మన ఆర్టీసీ బస్సుల్లో తాడు లాగి గంట కొట్టిన రోజులు ఎరిగినవాళ్లకు మొదటి రెండూ ఎవరూ చెప్పక్కర్లేదు.

షిఫ్టు డ్యూటీల్లో ఉన్నవాళ్లు ఇంబర్ బస్సుల తేదీ ప్రకటించగానే సెలవు అడిగి పెట్టుకోండి. ఆగస్టంటే అక్కడ అందరూ సెలవులకు వెళ్లే నెల, ఆలస్యం చేస్తే రోస్టరులో మీ పేరు పడిపోతుంది.