గౌను మొత్తం మీరే కుట్టండి

మానేరు వంతెనకు అవతల సిరిసిల్ల, ఇవతల తంగళ్ళపల్లి. 2016లో సిరిసిల్ల జిల్లాతో పాటే మండలమైన ఈ ఊరి చుట్టూ బట్ట పనికి కొదవలేదు. బద్దెనపల్లి దగ్గర టెక్స్‌టైల్ పార్కు, ఏరు దాటితే సాంచెల (మరమగ్గాల) చప్పుడు. అయినా ఒకే మనిషి బట్టను మొదలు నుంచి చివరిదాకా చూడడం ఇక్కడ అరుదు. ఒకరు వార్పింగు చేస్తారు, ఒకరు కండెలు చుడతారు, ఒకరు సాంచె నడుపుతారు, మడత ఇంకొకరిది. రెడీమేడ్ కుట్టుపనీ అంతే: ఒకరికి కాలరు, ఒకరికి చేతులు. ఈ పని పంపకం లేకుంటే 2017లో మొదలైన బతుకమ్మ చీరలు పండగకు అందేవే కావు.

కానీ ముక్క పని చేసేవాళ్లకు నిర్ణయాలు పైనుంచి వస్తాయి. ఆఫీసులోనూ అదే వరస. ఏళ్లు గడిచాక, సొంతంగా ఏదైనా తేల్చాల్సి వస్తే చేయి వణుకుతుంది. దానికి మందు అద్దం ముందు నిలబడి ధైర్యం చెప్పుకోవడం కాదు. మొదలూ చివరా మీ చేతిలోనే ఉండే చిన్న పని ఒకటి పట్టండి. ఈ ఎండాకాలం నాలుగేళ్ల పాపకు పూల నూలు గౌను కుట్టండి. మగవాళ్లకూ చెబుతున్నా. ఊళ్లల్లో మిషన్ తొక్కి బతికిన మేరోళ్లు మగవాళ్లే కదా!

మొదటి నిర్ణయం బట్ట. సిరిసిల్ల సాంచెల మీద ఎక్కువగా నడిచేది పాలిస్టర్. దగ్గర్లో దొరుకుతుందని అది తెస్తే, మే నెలలో పాప ఒళ్లు పేలిపోతుంది. చెమట పీల్చే పల్చని నూలు కావాలి. పెడన కలంకారీ అయినా సరే, జైపూర్ అచ్చు అయినా సరే. 44 అంగుళాల పన్నా ఉంటే మీటరున్నర చాలు.

తెచ్చిన రోజే కత్తెర పట్టకండి. నేతలో పడుగు బిగువుగా సాగి ఉంటుంది. నీళ్లు తగలగానే ఆ బిగువు సడలి బట్ట కుంచించుకుపోతుంది. కుట్టాక తడిపితే కుంచించుకుపోయేది గౌనే. అందుకే రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కొలవండి. రంగు దిగుతుందో లేదో కూడా ఆ నీళ్లలోనే తేలిపోతుంది. ఎవరూ చూడని, ఎవరూ మెచ్చుకోని ఈ పనిని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

తర్వాత బొమ్మల దిక్కు చూడండి. చిలుకలు నిలువుగా ఉన్న బట్టను అడ్డంగా మడిచి రెండు పొరలూ ఒకేసారి కత్తిరిస్తే, వెనక భాగంలో చిలుకలు తలకిందులవుతాయి. ఇది చెప్పడానికి సూపర్‌వైజర్ ఉండడు.

కుచ్చుల దగ్గర అందరికీ ఆశ పుడుతుంది. పాప ఛాతీ 22 అంగుళాలుంటే, వదులు కలుపుకుని పై భాగం 25 వస్తుంది. కిందికి ఒక పన్నా బట్ట పెడితే పల్చని కుచ్చులు, గాలి ఆడుతుంది. రెండు పన్నాలు పెడితే ఫొటోకు బాగుంటుంది, పాపకు బరువవుతుంది. ఎవరి కోసం కుడుతున్నారో అక్కడే తేల్చుకోండి. మెడకు నైలాన్ లేసు వద్దే వద్దు. అదే బట్టలోంచి క్రాస్ పట్టీ తీసి కుట్టండి. చంక వదులుగా ఉంచండి. అంచు మడతలో మూడు అంగుళాలు దాచండి, పిల్లలు ఈ వయసులో ఏడాదికి రెండు, రెండున్నర అంగుళాలు పెరుగుతారు. వచ్చే వేసవిలో విప్పినప్పుడు పాత మడత గీత కనబడితే దాని మీద రంగు పట్టీ కుట్టొచ్చు.

కుట్టు వంకరపోతే? దాని మీదే ఇంకో కుట్టు వేసి కప్పెట్టకండి. అప్పుడే విప్పండి, కాస్త నీళ్లు చల్లి ఇస్త్రీ పెడితే సూది రంధ్రాలు చాలావరకు పూడుకుంటాయి. మర్నాటికి వాయిదా వేసిన విప్పుడు పని సాధారణంగా మూలన పడుతుంది, గౌనుతో సహా.

తొడిగాక పొగడ్త అడగకండి. పాపను చేతులు పైకెత్తమనండి, గొంతుకూర్చోమనండి, వాకిట్లో ఉరకమనండి. ఎక్కడ గోక్కుంటుందో, ఎక్కడ లాగుతుందో చూసి సవరించండి. మొహమాటానికి బాగుందనే వయసు కాదు తనది.

ఆ గౌను చూసి పక్కింటివాళ్లు తమ బిడ్డకూ కుట్టమంటారు. ఇక్కడే చాలామంది మెత్తబడి, "మీకు తోచింది ఇవ్వండి" అనేస్తారు. 2024లో మహిళా సంఘాలకు బడి యూనిఫాంల పని వచ్చినప్పుడు కుట్టుకూలికి ఒక రేటు ఉంది కదా, మీ మిషన్‌కు మాత్రం రేటు ఎందుకు ఉండకూడదు? దారం, క్రాస్ పట్టీ, మీ గంటలు లెక్కగట్టండి. బట్ట చేతిలోకి తీసుకోకముందే ఆ అంకె చెప్పండి.