సియోల్‌కి వెళ్తున్నది మేమిద్దరమా, చుట్టాలందరమా?

సమస్య

నాకు యాభై మూడేళ్ళు. ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతాను. మావారు బ్యాంకులో పనిచేసి మొన్న జూన్‌లో రిటైరయ్యారు. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్ళిందంటూ లేదు. తిరుపతి వెళ్ళినా అత్తగారో, మరిది పిల్లలో వెంట ఉండేవారు. అది నాకెప్పుడూ బరువనిపించలేదు. రిటైరయ్యాక మావారే, "ఈసారి నీకిష్టమైన చోటికి వెళ్దాం, ఎక్కడికో చెప్పు" అన్నారు. కొరియా అన్నాను. లాక్‌డౌన్‌లో కొరియన్ సీరియళ్ళు చూడడం మొదలుపెట్టి ఇప్పటికీ మానలేదు. ఆ రాజభవనాలూ, మంచూ, వెచ్చటి నేలమీద కూర్చుని భోంచెయ్యడం... ఇవన్నీ ఒక్కసారి చూడాలని నా కోరిక. వీసాలు వచ్చాయి. టికెట్లు తీశారు. సంక్రాంతి వెళ్ళిన వారానికి ప్రయాణం. నేను సెలవు కూడా పెట్టుకున్నాను.

గొడవంతా ఆయన జేబులో ఉన్న చీటీతో వచ్చింది. పెద్దాడపడుచు కూతురికి ముఖానికి రాసుకునే క్రీములు, చిన్నాడపడుచుకి హ్యాండ్‌బ్యాగు, మరిది కొడుక్కి చలికోటు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులకని ఎర్ర జిన్సెంగ్ (ఆవిడ గుండె ఆపరేషన్ అయినప్పట్నుంచీ రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు). ఎవరేం అడిగినా ఈయన "దానికేం" అని రాసేసుకుంటున్నారు. పండక్కి అందరూ మా ఇంటికే వస్తారు. అప్పటికి ఆ చీటీ ఎంత పొడుగవుతుందో మీరే ఊహించుకోండి.

బ్యాంకు వాళ్ళతో కలిసి బ్యాంకాక్ వెళ్ళినప్పుడూ ఇదే జరిగింది. వాట్ అరుణ్ గుడి నదిలో పడవ మీంచి కనిపించింది. దిగుదామంటే, "చెల్లాయి అడిగింది ఇంకా దొరకలేదు" అన్నారు. నిన్న ఆ మాట ఎత్తితే, "అంత దూరం వెళ్ళి ఉత్త చేతులతో వస్తే ఏం బాగుంటుంది? అయినా ఆ చలిలో ఏం తిరుగుతాం, మాల్స్ అయితే వెచ్చగా ఉంటాయి" అన్నారు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. టికెట్లు రద్దు చేయించి, ఎప్పుడైనా స్నేహితురాళ్ళతో వెళ్దామా అనిపిస్తోంది. ఆయన మంచి మనిషి. అందుకే గట్టిగా ఒక మాట అనలేకపోతున్నాను. నేనే స్వార్థంగా ఆలోచిస్తున్నానా?

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సలహా

లేదమ్మా, ఇందులో స్వార్థమేమీ లేదు. టికెట్లు మాత్రం రద్దు చేయించకండి. స్నేహితురాళ్ళతో మరో ఏడాది వెళ్ళొచ్చు. ఈ ప్రయాణం ఆయనతోనే చెయ్యాలి.

మాల్స్ వెచ్చగా ఉంటాయన్న ఆయన మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీరు దాన్ని తీసిపారేయడంగా విన్నారు. నాకు అందులో కాస్త బెరుకు వినిపించింది. ఆయన ఇంటికి పెద్దకొడుకు. జీవితమంతా ఒకరి పని తన పనిగా నెత్తిన వేసుకున్న మనిషి. భాష తెలియని ఊళ్ళో చేతిలో చీటీ ఉంటే, పొద్దున లేచి ఏం చెయ్యాలో ఆయనకి తెలుస్తుంది. ఒక్కొక్కటీ కొని కొట్టేసుకుంటూ పోతే రోజు సార్థకమైనట్టు ఉంటుంది. చీటీ లేకుండా, వెంట ఎవరూ లేకుండా, భార్యతో ఊరికే తిరగడం ఎలాగో ఆయనకి అలవాటు లేదు. నిజానికి మీకూ లేదు. ఈ వయసులో ఇద్దరూ కొత్తగా నేర్చుకోవాల్సిన సంగతి అది. కాబట్టి ఆడపడుచుల మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళు అడిగారు, అంతే. ఒప్పుకున్నది ఆయన. మాట్లాడాల్సిందీ ఆయనతోనే.

సగం తగువు సియోల్ చలికాలమే తీరుస్తుంది. జనవరిలో అక్కడ పొద్దు చాలా చిన్నది. ఉదయం ఏడున్నర దాటాక గానీ తెల్లవారదు, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు దిగిపోతాడు. గ్యోంగ్‌బోక్‌గుంగ్ రాజభవనం చలికాలంలో ఐదింటికి మూసేస్తారు, నాలుగు దాటితే లోపలికి పంపరు. పాత కొరియా ఇళ్ళుండే బుక్‌చోన్‌లో జనం ఇంకా కాపురాలుంటున్నారు. అందుకని ముఖ్యమైన వీధుల్లో యాత్రికులను ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకే తిరగనిస్తున్నారు. బజార్ల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. మ్యోంగ్‌డాంగ్‌లో క్రీముల దుకాణాలు దీపాలు పెట్టాకే కళకళలాడతాయి. డాంగ్‌డెమున్‌లో బట్టల భవనాలు కొన్ని అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటాయి. పగలు మాల్‌లో గడిపితే మళ్ళీ రాజభవనం దొరకదు. పగలు రాజభవనం చూస్తే మాల్ ఎక్కడికీ పోదు. మీవారితో ఈ లెక్క వేసి చెప్పండి. బ్యాంకులో పనిచేసిన మనిషికి వేళలు, మూసే సమయాలు చెబితే అర్థమవుతుంది. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే మాత్రం బ్యాంకాక్ దగ్గరే ఆగిపోతారు.

గ్యోంగ్‌బోక్‌గుంగ్‌కి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. 1395లో జోసోన్ వంశపు రాజులు కట్టించారు. 1592లో జపాన్ దండయాత్ర సమయంలో తగలబడి, రెండున్నర శతాబ్దాలకు పైగా పాడుబడి ఉండి, 1860లలో మళ్ళీ లేచింది. జపాన్ పాలనలో మళ్ళీ చాలావరకు కూల్చేశారు. 1990 నుంచి కొరియన్లు ఒక్కో మందిరాన్నీ తిరిగి నిలబెట్టుకుంటున్నారు. ఆ చుట్టుపక్కల దుకాణాల్లో హాన్‌బోక్ దుస్తులు అద్దెకి దొరుకుతాయి. అవి వేసుకుంటే ప్రవేశ రుసుము ఉండదు. మీరు వేసుకోండి, ఆయన్నీ వేసుకోమనండి. మొదట వద్దంటారు.

సైన్సు టీచరు కాబట్టి మీకు ప్రత్యేకంగా ఒకటి చెబుతాను. లోపల జాగ్యోంగ్‌జోన్ అనే మందిరం ఉంది, పెద్ద రాణిగారి కోసం కట్టింది. దాని వెనక గోడలో జింకలు, కొంగలు, తాబేళ్ళు, దేవదారు చెట్లు చెక్కి ఉంటాయి. అన్నీ దీర్ఘాయువుకి గుర్తులు. చూసినవాళ్ళు అలంకారపు గోడ అనుకుంటారు గానీ అది పొగగొట్టం. మీరు సీరియళ్ళలో చూసిన వెచ్చటి నేల, ఒన్‌డోల్, ఇలాగే పనిచేస్తుంది. గది బయట పొయ్యి రాజేస్తారు. వేడిగాలీ పొగా నేల కిందున్న దారుల గుండా పాకి, పైన పరిచిన రాతి పలకలను వేడెక్కించి, అవతలి వైపు గొట్టంలోంచి బయటపడతాయి. పొయ్యి ఆరినా రాయి చాలాసేపు వేడిని పట్టి ఉంచుతుంది. ఇప్పటి ఇళ్ళలో వేడినీళ్ళ గొట్టాలు అదే పని చేస్తున్నాయి. మీ బడి పిల్లలకి ఉష్ణ ప్రసారం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. ఒక్క రాత్రయినా నేలమీద పరుపు వేసే పాతకాలపు ఇంట్లో, అంటే హానోక్ బసలో, ఉండండి. ఆయన మోకాళ్ళకి నేలమీంచి లేవడం కష్టమైతే ముందే అడిగి మంచం ఉన్నది తీసుకోండి.

మంచు గురించి ఒక మాట. సియోల్ చలికాలం పొడిగా ఉంటుంది. జనవరిలో రాత్రిళ్ళు సగటున సున్నాకి ఆరు డిగ్రీలు కిందికి పోతుంది, కొన్ని రోజులు పదికి కూడా దిగుతుంది. అయినా మంచు కురవకపోవచ్చు. దాని మీదే మనసంతా పెట్టుకోకండి. ఒక రోజు రైల్లో గాప్యోంగ్ వెళ్ళి, అక్కణ్ణుంచి పడవలో నామి దీవికి చేరితే, 2002లో వచ్చిన 'వింటర్ సొనాటా' సీరియల్‌లోని చెట్ల బాట ఉంటుంది. రైల్లో గంట ప్రయాణమే. లోపల పల్చటి ఉన్ని బట్టలు రెండు పొరలు, పైన గాలి చొరబడని కోటు, చెవులు కప్పే టోపీ ఉండాలి. జేబులో పెట్టుకునే వేడి పొట్లాలు అక్కడ ప్రతి చిన్న దుకాణంలోనూ అమ్ముతారు. గ్వాంగ్‌జాంగ్ బజారులో పెసరపప్పు రుబ్బి పెనం మీద కాల్చే బిందెట్టొక్ తినండి. కొందరు పంది మాంసం కలుపుతారు, అడిగి తీసుకోండి.

ఇక చీటీ. దాన్ని చింపేయమని నేను చెప్పను. ఇచ్చే చెయ్యి ఆయనది, అది మీకూ ఇష్టమే. రెండు సాయంత్రాలు దానికి కేటాయించండి, అంతకు మించి వద్దు. డబ్బు కూడా ఇంత అని ముందే పక్కన పెట్టుకోండి. పండక్కి చెల్లెళ్ళు వచ్చినప్పుడు ఆయనే నోరు విప్పి, "ఒక్కొక్కరికి ఒక్కటి, పెట్టెలో పట్టేది తెస్తాను" అనాలి. మీరంటే వదిన అడ్డుపడిందంటారు. అన్నయ్య అంటే నవ్వుకుని ఊరుకుంటారు. క్రీములు మ్యోంగ్‌డాంగ్‌లో దొరుకుతాయి. ఒక్క బిల్లు 15,000 వోన్లు దాటితే పాస్‌పోర్టు చూపించి పన్ను వెనక్కి పొందొచ్చు, చాలా దుకాణాల్లో అక్కడికక్కడే తగ్గిస్తారు. సీసాలన్నీ విమానం పొట్టలోకి వెళ్ళే పెట్టెలోనే సర్దాలి.

అత్తగారి జిన్సెంగ్ మాత్రం కొనొద్దు. రక్తం పల్చబడే మందుల్లో కొన్నింటి పనికి జిన్సెంగ్ అడ్డు తగులుతుంది, మధుమేహం మాత్రలు వాడేవాళ్ళలో చక్కెరనూ కిందా మీదా చేస్తుంది. ఆవిడ గుండె డాక్టరు సరేనంటే తప్ప పెట్టెలో పెట్టకండి. ఆవిడకి వెచ్చటి సాక్సులూ, మెడకి మఫ్లరూ తీసుకురండి.

ఇంకొకటి. నచ్చిన చోటు చెప్పమని ఆయన మిమ్మల్ని అడిగారు. ఆయనకి ఏం చూడాలనుందో మీరడిగారా? ఆ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఒక రోజు ఆయన ఇష్టానికి వదిలేయండి. చెప్పడానికి ఆయనకి కాస్త టైము పట్టొచ్చు, తొందరపెట్టకండి. ఏ రోజు ఏమిటన్నది మాత్రం ఇప్పుడే ఇద్దరూ కూర్చుని రాసుకోండి. గ్యోంగ్‌బోక్‌గుంగ్‌కి మంగళవారం సెలవు, వెనక రహస్య వనం ఉన్న చాంగ్‌డోక్‌గుంగ్‌కి సోమవారం సెలవు. కొరియన్ల చాంద్రమాన సంవత్సరాది సొల్లాల్ కొన్నేళ్ళు జనవరి చివర్లోనే వస్తుంది, ఆ రోజుల్లో చిన్న దుకాణాలు చాలావరకు మూసేస్తారు. మీ తేదీలు దానికి తగలకుండా ఉన్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి.