మీ ఊరి వాగు మీకు ఎంత తెలుసు?

ఏ విశ్వవిద్యాలయంలోనైనా భూగోళశాస్త్ర విభాగం నోటీసు బోర్డు చూడండి. నెట్ గట్టెక్కినవాళ్లు, జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవాళ్లు, సదస్సులో పత్రం చదివినవాళ్లు, హైదరాబాద్‌లో మ్యాపింగ్ కొలువు దొరికినవాళ్లు... ఫొటోలు, శాలువాలు, అభినందనలు. ఎల్లారెడ్డి నుంచో బిచ్కుంద నుంచో బస్సెక్కి వచ్చిన కొత్త విద్యార్థి అది చూసి జంకుతాడు. చదివింది తెలుగు మీడియం, నలుగురిలో నోరు పెగలదు, మనవల్ల ఏమవుతుందిలే అనుకుంటాడు.

ఎందుకు కాదు? భూగోళం చదివేవాడి ప్రయోగశాల ఊరి పొలిమేరలోనే మొదలవుతుంది. చెరువు మత్తడి ఎప్పుడు దుంకుతుందో, ఏ ఒర్రె ఏ వాగులో కలుస్తుందో చిన్నప్పటినుంచి చూసినవాడు నగరం పిల్లల కంటే ఒక సెమిస్టర్ ముందున్నట్టే. చూసినదాన్ని కొలిచి, రాసి, నలుగురికీ చూపించే అలవాటే ఇక కావాల్సింది. ధైర్యం దానివెంట అదే వస్తుంది.

కామారెడ్డినే తీసుకోండి. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా అయింది. భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉంది. ఉపగ్రహ చిత్రాలు చదివి పటాలు తయారుచేసే జియోఇన్ఫర్మాటిక్స్ విభాగం అక్కడిదే. 2025 ఆగస్టు చివర్లో ఈ జిల్లా మీద ఆకాశం విరుచుకుపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్కరోజు వాన 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. నూరేళ్లు దాటిన పోచారం ఆనకట్ట నిలుస్తుందా అని నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు జనం ఊపిరి బిగబట్టారు.

ఆ వరద రోజుల్లో అందరి ఫోన్లలో వీడియోలే. నీళ్లు తగ్గాక టేపు పట్టుకుని వెళ్లినవాళ్లు ఎందరు?

వరద వచ్చిన ఇంటి గోడ మీద బురద గీత ఉంటుంది. కడిగినా, వాన పడినా, సున్నం వేసినా అది చెరిగిపోతుంది, ఆలోపే వెళ్లాలి. నేల నుంచి ఆ గీత దాకా టేపు పెట్టండి. ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు? ఫోన్‌లో అక్షాంశం, రేఖాంశం నోట్ చేయండి. ఇంటాయన్ని అడగండి: "తాతా, నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చినయి? ఎన్ని గంటలకు? ఇంతకు ముందు ఎప్పుడన్నా ఇంత ఎత్తు వచ్చినయా?" ఆయన వాగు పాత దారి చేత్తో చూపిస్తాడు, అక్కడ ఇప్పుడు ప్లాట్లు ఉంటాయి. అలా ఇరవై ఇళ్లు తిరిగితే మీ దగ్గర ఉన్న సమాచారం ఏ పుస్తకంలోనూ దొరకదు. (ముగ్గురు నలుగురు జట్టుగా వెళ్లండి. పారే వాగులో మాత్రం దిగొద్దు, కొలత కోసం ప్రాణం పెట్టనక్కర్లేదు.)

తర్వాత పటం. 1:50,000 టోపోషీట్‌లో ఒక సెంటీమీటర్ అంటే నేల మీద అర కిలోమీటర్. ఇస్రో వాళ్ల భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. డబ్బు లేదన్న సాకు ఇక్కడ చెల్లదు. అయితే చిత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. తెరమీద పచ్చగా కనిపించినదాన్ని వరి అని గుర్తు పెడతారు, తీరా వెళ్లి చూస్తే చెరువు నిండా గుర్రపుడెక్క. ఇలా నేల మీదికి వెళ్లి సరిచూసుకోవడాన్ని భూగోళంవాళ్లు గ్రౌండ్ ట్రూత్ అంటారు. మనుషుల విషయంలోనూ ఈ అలవాటు పనికొస్తుంది కానీ, ముందు చెరువు దగ్గర నేర్చుకోండి.

వరద పని పెద్దదనిపిస్తే మంజీర మీది నిజాంసాగర్ జలాశయం ఉంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో పని మొదలై 1931కి పూర్తయింది. అప్పట్లో 29 టీఎంసీలకు పైగా పట్టేది. మంజీర మోసుకొచ్చిన పూడికతో నిల్వ బాగా పడిపోయింది, తర్వాత మట్టం పెంచినా ఇప్పుడు 17.8 టీఎంసీలే. ఏటా వేసవిలో నీటి విస్తీర్ణం ఎంతకు కుంచించుకుపోతోందో పాత చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. పీజీ ప్రాజెక్టుకు అది చాలు. "భారతదేశంలో నీటి వనరులు" లాంటి కొండంత శీర్షికలు పెట్టుకుని ఇంటర్నెట్ నుంచి ఎత్తి రాసేవాళ్లు వైవాలో రెండో ప్రశ్నకే నీళ్లు నములుతారు.

మీ పని మీరు చేసి ఉంటే మాట తడబడదు. "మాది నాగిరెడ్డిపేట మండలం. మా వాడకట్టులో నీళ్లు నాలుగడుగులు వచ్చాయి, నేను కొలిచాను." సెమినార్‌లో ఇలా మొదలుపెట్టినవాణ్ని హాలంతా వింటుంది. ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వచ్చినా, చెప్పే విషయం సొంతమైతే చిన్న చిన్న వాక్యాలతో గట్టెక్కొచ్చు. యూపీఎస్‌సీ ఇంటర్వ్యూలో సొంత జిల్లా మీద ప్రశ్నలు రావడం మామూలే. అక్కడ మీ బురద గీతల లెక్క పనికొస్తుంది.

ఇంకో మాట. 1815లో విలియం లాంబ్టన్ బృందం మన పక్కనే, బీదర్ దగ్గర, గొలుసు పరిచి నేలను కొలిచింది. మద్రాసులో 1802లో మొదలైన ఆ మహా సర్వేలో లాంబ్టన్ పేరు, ఆయన తర్వాత దాన్ని నడిపించిన ఎవరెస్ట్ పేరు మిగిలాయి. జెండాలు మోసుకుని గుట్టలెక్కిన మనవాళ్ల పేర్లు చాలావరకు దొరకవు. మీ ప్రాజెక్టులో ఆ పొరపాటు జరగనివ్వకండి. కృతజ్ఞతల పేజీలో గైడ్ పేరు, విభాగాధిపతి పేరు ఎలాగూ రాస్తారు. వాగు దారి చూపిన తాతను ముందుగా అడిగి, ఆయన ఒప్పుకుంటే ఆయన పేరూ రాయండి. పటం ప్రింటు తీస్తే ఒకటి విభాగానికి, ఒకటి గ్రామ పంచాయతీకి ఇవ్వండి. పంచాయతీ కార్యదర్శి దాని మీద తప్పొకటి పట్టుకుంటే సంతోషంగా దిద్దుకుని మళ్లీ పట్టుకెళ్లండి.