జీవకణమునందలి లేఖకులు, పరిష్కర్తలు

1820వ సంవత్సరమున కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొరవారు అటుపిమ్మట తమ బంగళాయందు పండితులకును లేఖకులకును జీతములిచ్చి, తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాయించి, అందలి తప్పులను దిద్దించిరి. జీవకణములయందును ఇట్టి యేర్పాటు కలదు.

కణమునందలి మూలగ్రంథము డి.యన్.ఏ. దానికి వ్రాసికొనిన ప్రతి ఆర్.యన్.ఏ. ఈ ప్రతిని రైబోసోము అను కర్మశాల మూడేసి యక్షరముల చొప్పున చదువును. రవాణా ఆర్.యన్.ఏ.లు ఆ యక్షరములకు తగిన అమైనో ఆమ్లములను మోసికొనివచ్చును. ఈ 20 విధముల ఆమ్లములే పూసలవలె వరుసగా గ్రుచ్చబడి మాంసకృత్తులగును.

ఇందొక చిక్కు కలదు. గ్లైసీను తప్ప తక్కిన ఆమ్లములకు కుడియెడమ చేతులవలె రెండు రూపములుండును. మాంసకృత్తులకు ఎడమరూపమే తగినది. రవాణా ఆర్.యన్.ఏ.పై కుడిరూపము చేరినచో దానిని విడదీయు పరిష్కర్త డి.టి.డి. అను ఎంజైము. ఇది ఎడమరూపమును తనలోనికి రానీయదు. కావుననే మంచిదానిని చెరుపదు. ఈ కీలకమును హైదరాబాదునందలి సి.సి.యం.బి.లో రాజన్ శంకరనారాయణన్ గారును వారి సహచరులును 2013లో వెల్లడించిరి. 2020లో వారికి ఇన్ఫోసిస్ బహుమానము లభించెను.

ఇది చిన్నసంగతి కాదు. ఇట్టిదే వేరొక పరిష్కర్త శక్తి కొంచెము తగ్గిన ఎలుకలయందు మెదడులోని కొన్ని కణములు నశించినట్లు 2006లో తేలినది. వ్రాయుటయే చాలదు, సరిచూచుకొనుటయు వలయునని ప్రకృతియే మనకు బోధించుచున్నది.