ఏ తెరకు ఏ కేబులు?

బోరు పైపు రెండంగుళాలది. దానికి అంగుళంన్నర కాలరు పడుతుందా? పట్టదు. ఈ సంగతి మన రైతులకు ఎవరూ చెప్పనక్కర లేదు. పైపు కొలత చూసుకున్నాకే దుకాణానికి పోతారు. కంప్యూటరు కేబులు సంగతీ అంతే. అక్కడ పైపు కొలత చూస్తాం. ఇక్కడ బొక్క ఆకారం చూడాలి.

మన చేవెళ్ల, మొయినాబాదు వైపు కంప్యూటరు కొత్త వస్తువేమీ కాదు. మీసేవలో చూస్తున్నాం. పిల్లల చదువు కోసం ఇంట్లో కూడా పెట్టుకుంటున్నారు. పైసలు తక్కువున్న వాళ్లు పాత మానిటరు ఒక చోట, సీపీయూ డబ్బా ఇంకో చోట కొంటారు. మానిటరు అంటే బొమ్మ కనబడే తెర. సీపీయూ డబ్బా అంటే లెక్కలు చేసే పెట్టె. ఈ రెండింటినీ కలిపేదే బొమ్మ కేబులు. తిప్పలు అక్కడే మొదలవుతాయి.

తప్పు కేబులు తెస్తే ఏమవుతుంది? మళ్లీ బస్సెక్కాలి. చేవెళ్ల నుంచి మొయినాబాదు మీదుగా మెహదీపట్నం పోవాలి. అక్కడి నుంచి సికింద్రాబాదులో కంప్యూటరు సామాన్లు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటరు దాకా పోవాలి. బస్సు కిరాయి పోతుంది. ఒక రోజు కూలీ పోతుంది. అందుకే ముందు చూడాలి. తరువాత కొనాలి.

కేబుళ్లలో రకాలు

మానిటరు వెనుక చూడండి. సీపీయూ డబ్బా వెనుక కూడా చూడండి. ఈ ఆకారాలలో ఏదో ఒకటి కనబడుతుంది.

1. వీజీఏ: ఇది పాతది. 1987లో ఐబీఎం కంపెనీ తెచ్చింది. వరుసకు ఐదు చొప్పున మూడు వరుసలు, మొత్తం 15 బొక్కలు. ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. రెండు పక్కలా మరలు ఉంటాయి. ఇందులో బొమ్మ మాత్రమే పోతుంది. మాట పోదు.

2. డీవీఐ: ఇది 1999లో వచ్చింది. వీజీఏ కంటే వెడల్పు. ఎక్కువగా తెల్ల రంగు. దీనికీ మరలు ఉంటాయి. చిన్న బొక్కల పక్కన ఒక సన్నటి గీత లాంటి బొక్క ఉంటుంది.

3. హెచ్‌డీఎంఐ: దీని మొదటి నమూనా 2002లో వెలువడింది. మరలు ఉండవు. పలకగా ఉంటుంది. కింది రెండు మూలలు లోపలికి వంగి ఉంటాయి. బొమ్మ, మాట రెండూ పోతాయి. ఇంట్లో కొత్త టీవీ ఉంటే దాని వెనుక కూడా ఇదే చూస్తారు.

4. డిస్‌ప్లేపోర్టు: ఇది 2006లో వచ్చింది. హెచ్‌డీఎంఐ లాగే కనబడుతుంది. కాని ఒక్క మూలే కోసినట్టు ఉంటుంది. కొన్ని కేబుళ్లకు చిన్న కొక్కెం ఉంటుంది. అది నొక్కి పట్టుకుని తీయాలి.

కొన్ని కొత్త ల్యాప్‌టాపులకు కోడిగుడ్డు ఆకారంలో చిన్న బొక్క ఉంటుంది. దాన్ని టైప్-సి అంటారు. ఇలాంటి బొక్కలన్నిటిలో నుంచీ బొమ్మ రాదు. కొనే ముందు అడగండి.

రెండు వైపులా ఒకే ఆకారం ఉంటే పని తేలిక. ఆ రకం కేబులు ఒక్కటి కొంటే చాలు. ఒకవైపు ఒకటి, ఇంకోవైపు మరొకటి ఉంటే ఏం చేయాలి? ఈ మాటలు చదవండి.

దుకాణం దగ్గర

అక్క: అన్నా, మానిటరు కేబులు కావాలి.

దుకాణదారు: ఏ రకందమ్మా?

అక్క: ఇదిగో చీటీ. బొమ్మ గీసుకొచ్చిన. మానిటరుకు వీజీఏ ఉంది. డబ్బాకు హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది.

దుకాణదారు: అయితే ఉత్త కేబులు సరిపోదమ్మా. కన్వర్టరు పెట్టాలె. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది.

అక్క: దాన్నే అటుదిటు తిప్పి వాడొచ్చా?

దుకాణదారు: పనిచేయదు. బావి మోటరు ఫుట్‌వాల్వు లెక్క. ఒక్క దిక్కే పోతది. బొమ్మ డబ్బా నుంచి తెరకు రావాలె.

అక్క: మరి పాట, మాట వినబడతాయా?

దుకాణదారు: వీజీఏలో బొమ్మే పోతది. స్పీకర్లు వేరే పెట్టుకోవాలె.

కన్వర్టరు ఎందుకు?

ఒకరికి తెలుగే వస్తుంది. ఇంకొకరికి ఉర్దూయే వస్తుంది. నడుమ రెండూ తెలిసిన మనిషి కావాలి. కన్వర్టరు చేసేది ఆ పనే. వీజీఏ బొమ్మను కరెంటు హెచ్చుతగ్గులుగా పంపుతుంది. హెచ్‌డీఎంఐ బొమ్మను ఒకట్లు, సున్నాల లెక్కగా పంపుతుంది.

ఇంటెల్, ఏఎండీ వంటి కంపెనీలు 2015 నాటికి వీజీఏను ఆపేస్తామని 2010 డిసెంబరులో ప్రకటించాయి. అందుకే కొత్త ల్యాప్‌టాపులలో అది అరుదు. పాత మానిటర్లకు మాత్రం ఇంకా ఉంది. పాత మానిటరు చవకగా దొరికితే కన్వర్టరు ఖర్చు కూడా కలిపి లెక్క చూసుకోండి.

గుర్తుంచుకోండి

* బంగారు పూత ఉందని ఎక్కువ పైసలు పెట్టకండి. హెచ్‌డీఎంఐ కేబులు సరిగా పనిచేస్తే చాలు. పూతతో బొమ్మ మెరుగు కాదు.
* డబ్బాకు, తెరకు మధ్య దూరం కొలవండి. కొంచెం వదులుగా ఉండేంత పొడవు చాలు. మరీ పొడవైతే బొమ్మ చెడవచ్చు.
* ముందు కరెంటు ఆపండి. తరువాత కేబులు పెట్టండి.
* బలవంతంగా గుచ్చకండి. పిన్ను వంగితే కేబులు పాడవుతుంది.
* డబ్బా వెనుక రెండు చోట్ల బొమ్మ బొక్కలు ఉంటే, కింద విడిగా కార్డుకు ఉన్న దానిలో పెట్టండి.
* తెర నల్లగానే ఉందా? కేబులును తిట్టకండి. మానిటరు మీట నొక్కి, మీరు పెట్టిన రకాన్ని ఎంచుకోండి.
* రసీదు తీసుకోండి. కేబులు పేరు అందులో రాయించండి. మార్చుకోవడానికి అదే ఆధారం.

అక్షరం నేర్చుకున్నది సంతకానికి మాత్రమే కాదు. చీటీ రాసుకుని పోయినవారిని ఎవరూ తేలికగా మోసం చేయలేరు.

ప్రశ్నలు

1. వీజీఏకు ఎన్ని బొక్కలు ఉంటాయి?
2. మాట కూడా పోయే కేబులు ఏది?
3. కన్వర్టరును తిప్పి ఎందుకు వాడకూడదు?

చేయండి

మీ ఇంట్లోనో, బడిలోనో ఉన్న మానిటరు వెనుక చూడండి. బొక్క ఆకారం కాగితం మీద గీయండి. పక్కన దాని పేరు రాయండి. కేంద్రానికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.