నెట్ మీద మాట

ఒకప్పుడు దేవరకొండలోనూ, అన్ని ఊళ్ళలోనూ పసుపు పచ్చ బోర్డు ఉన్న డబ్బాలుండేవి. బోర్డు మీద ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ. అని రాసి ఉండేది. బొంబాయి, పూనా పనులకు పోయిన వాళ్ళతో మాట్లాడాలంటే అక్కడికే పోవాలి. గల్ఫుకు పోయిన వాళ్ళతో మాట్లాడాలన్నా అక్కడికే. లోపల ఎర్ర అంకెలు తిరిగేవి. మాట్లాడే వాళ్ళ కన్ను ఆ అంకెల మీదే. "బాగున్నవా? పైసలు అందినయా?" అనేలోపే బిల్లు పెరిగేది. ఏడ్వాలన్నా భయమే. ఏడుపుకు కూడా పైసలు పడేవి.

ఇప్పుడు చేతిలోని ఫోనులోనే దుబాయి తమ్ముడు, పూనా మరిది కనబడుతున్నారు. మన వాళ్ళు దీన్ని నెట్ కాల్ అంటారు. ఇది ఎట్లా పని చేస్తుందో చూద్దాం.

మీరు "తమ్మీ" అని పిలిచారు. ఫోను మీ గొంతును అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలను చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్క సెకనుకు దాదాపు 50 ముక్కలు. ప్రతి ముక్క మీద ఎక్కడికి పోవాలో రాసి ఉంటుంది. ఉత్తరం మీద చిరునామా రాసినట్టే. వరుస నెంబరు కూడా ఉంటుంది. ముక్కలు ముందు టవరుకు పోతాయి. అక్కడి నుంచి తీగల మీద సముద్రం ఒడ్డుకు పోతాయి. సముద్రం అడుగున కేబుల్ వేసి ఉంటుంది. దాని మీద అరబ్బు దేశం చేరతాయి.

మాట ఆకాశం మీదుగా పోతుందని చాలా మంది అనుకుంటారు. కాదు. దేశాల నడుమ ఎక్కువ మాటలు నీళ్ళ అడుగు నుంచే పోతాయి. ఆ కేబుల్ లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగులుంటాయి. వాటిలో వెలుగు పరుగెత్తుతుంది. మన మాట వెలుగై పోతుంది! అవతలి ఫోను ముక్కలను వరుసగా పేర్చి మళ్ళీ గొంతు చేస్తుంది. బాగా నడిస్తే ఇదంతా అర సెకను కూడా పట్టదు.

దారిలో కొన్ని ముక్కలు తప్పిపోతే మాట తెగుతుంది. "ఏందే, వినబడ్తలేదు" అని గట్టిగా అరుస్తాం. అరిస్తే లాభం లేదు. వాడకట్టుకు వినబడుతుంది గాని తమ్మునికి వినబడదు. గుట్ట అడ్డముంటే సిగ్నల్ సరిగా అందదు. ఆరుబయటికి రావాలి. బొమ్మ ఆపి మాట ఒక్కటే ఉంచాలి. మాటకు నిమిషానికి సుమారు అర ఎం.బి. నెట్ పడుతుంది. బొమ్మకు ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది.

మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి నెట్ మీద ఫోను మాటలకు సర్కారు అనుమతి ఉంది. అప్పుడు కంప్యూటర్ కావాల్సి వచ్చేది. వాట్సాప్‌లో 2015లో మాట వచ్చింది. 2016లో బొమ్మ వచ్చింది. అదే ఏడు జియో వచ్చాక నెట్ ధర బాగా తగ్గింది.

గల్ఫులో మనిషి ఉన్న ఇల్లు ఒక సంగతి తెలుసుకోవాలి. దుబాయిలో వాట్సాప్ కాల్ మీద చాలా ఏళ్ళుగా అడ్డు ఉంది. అక్కడి సర్కారు ఒప్పుకున్న బోటిమ్ వంటి వాటిలోనే మాట్లాడాలి. సౌదీలో 2017లో నెట్ కాల్ మీద అడ్డు తీశారు. ఈ సంగతి తెలియక ఎందరో ఆడవాళ్ళు మనసు చెడగొట్టుకున్నారు. "ఫోను ఎత్తుతలేడు, మా మీద మనసు లేదు" అని కుమిలిపోయారు. ఇంట్లో మాటలు పడ్డారు. కాల్ కలవకున్నా వాట్సాప్‌లో రాత పోతుంది. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. ఎవరి చేతా చదివించుకునే పని లేదు.

నెట్ కాల్ మీద దొంగలు కూడా వస్తారు. పోలీసు బట్టలేసుకుని బొమ్మలో కనబడతారు.

"అమ్మా, నీ కొడుకు కేసుల దొరికిండు. నిన్ను డిజిటల్ అరెస్టు చేసినం. ఫోను పెట్టెయ్యొద్దు. ఎవరికీ చెప్పొద్దు. పైసలు పంపు."

ఎవరికీ చెప్పొద్దన్నాడంటే వాడు దొంగే. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. కాల్ కట్ చేయండి. కొడుక్కు మీరే ఫోను చేయండి. పైసలు పోతే ఆ నిమిషమే 1930కి ఫోను చేయండి. దొంగ ఆ పైసలు తీసుకోక ముందే బ్యాంకులో ఆపే వీలుంటుంది. తెల్లారి చూద్దామంటే పైసలు దొరకడం కష్టం.

112, 108 నెంబర్లకు వాట్సాప్‌లో చేయరాదు. మామూలు కాలే చేయాలి.

చదవండి, రాయండి

నెంబరు ముందు 91 ఉంటే మన దేశం. 971 ఉంటే దుబాయి, 966 ఉంటే సౌదీ, 965 ఉంటే కువైట్. మీ ఫోనుకు వచ్చిన నెంబర్లు చూడండి. ఏ దేశానివో రాయండి.

దుబాయి మనకన్నా గంటన్నర వెనక. అక్కడ రాత్రి ఏడున్నర అయితే దేవరకొండలో ఎంత?

దూరాన ఉన్న మీ మనిషికి నాలుగు మాటలు మీరే రాసి పంపండి.