కారింజను నిలుకడ వేగము: ఇంటివద్ద పరీక్షించు విధము

గేరు వేయక, యాక్సిలరేటరుమీద కాలుంచక, కారు నిలిచియున్నప్పుడు ఇంజను ఆఱిపోకుండ తిరుగుటకు కావలసిన మెల్లని వేగమొకటి కలదు. మెకానిక్కులు దానిని ఐడిలింగు అందురు. మేమీ వ్యాసమున నిలుకడ వేగమని వ్యవహరింతుము. చిన్న పెట్రోలు కార్లలో, ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మట, ఇది సామాన్యముగా నిమిషమునకు 700 మొదలు 900 చుట్లవఱకు నుండును. కొన్ని కార్లలో నిది 1500, ఒక్కొక్కప్పుడు 2000 చుట్లకు పెరిగి, ఎంతసేపు వేచియున్నను దిగిరాదు. ఈ దోషమునకు కారణమును కనుగొనుట యెట్లు, ఇంటివద్ద మన చేతనైనంతవఱకు సరిచేయుట యెట్లు అనునదియే నేటి పాఠము. పై తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్రమున చదివిన వాయుపీడనమునకు ఇంత దగ్గఱి యుదాహరణము ఇంటి ముంగిట దొరకుట యరుదు.

"చప్పుడు కొంచెమెక్కువైన నేమి, బండి నడచుచున్నది గదా" యని కొందఱు తల్లిదండ్రులు మాతో ననియున్నారు. మేమట్లు తలంపము. పెట్రోలు వృథాయగుట యొక నష్టము, అది చిన్నది. కొల్లేటి వైపు చేపల చెఱువుల గట్లమీది బాటలను తలంచుకొనుడు. ఇరుప్రక్కల నీరు, నడుమ నొక బండికి చాలునంత త్రోవ, ఎదుట చేపల లారీ. అట్టిచోట కాలు తీసినతోడనే కారు మందగింపవలెను. నిలుకడ వేగము పెరిగిన కారు మందగింపదు; కాలు తీసినను ముందునకే త్రోయుచుండును. భారమంతయు బ్రేకుమీద పడును. దోషమునకు కారణము బ్రేకు బూస్టరు గొట్టమే యైనచో ఆ బ్రేకు సైతము బిగుసుకొనిపోవును. కావున ఇది చెవికి మాత్రమే సంబంధించిన విషయము కాదు.

పెట్రోలు ఇంజను వేగమును నిర్ణయించునది పెట్రోలేయని పలువురి తలంపు. నిజమునకు డ్రైవరు కాలు కదల్చునది గాలి ద్వారమును. ఆ ద్వారమందలి గుండ్రని లోహపు బిళ్ళకు థ్రాటిల్ అని పేరు. లోనికి వచ్చిన గాలి యెంతయో చూచి దానికి తగినంత పెట్రోలు చేర్చబడును: తూకమున గాలి 14.7 పాళ్ళకు పెట్రోలు 1 పాలు. గాలి పెరిగినగాని వేగము పెరుగదు. ఆ గాలి యెచ్చటినుండి వచ్చుచున్నది అను ప్రశ్నలోనే మన పరీక్ష యంతయు నిమిడియున్నది.

1852లో గోదావరిపై కాటను దొర కట్టించిన ఆనకట్ట పూర్తియైన తరువాత త్రవ్వబడిన కాలువలవలన మన ప్రాంతపు పిల్లలకు లాకులు, తూములు కొత్తవి కావు. ఏలూరున గోదావరి కాలువ, కృష్ణా కాలువ కలియుటయు మీరెఱిగినదే. ఇప్పుడొక కాలువకు దిగువనున్న బోదెను తలంపుడు. లస్కరు తూము తలుపు దింపినను బోదెలో నీరు నిండుగా పాఱుచున్నచో కారణము మూడింటిలో నొకటి కావలెను. తలుపు పూర్తిగా దిగియుండదు. లేదా గట్టునకు గండిపడి కాలువ నీరు తలుపుతో నిమిత్తము లేకుండ దిగుచుండును. లేదా తలుపు ప్రక్కనున్న చిన్న గొట్టమును ఎవరో పనిగట్టుకొని తెఱచియుంచిరి. ఇంజనులో తలుపు థ్రాటిల్. గండి యనగా పగిలిన రబ్బరు గొట్టము, చెడిన గాస్కెట్టు. ప్రక్క గొట్టము ఐడిల్ కంట్రోలు వాల్వు. దానిని తెఱచి మూయునది కంప్యూటరు.

పరీక్షకు ముందు కొన్ని జాగ్రత్తలు. కారును ఆరుబయట నిలుపవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడపుట ప్రాణాపాయము. పొగలోని కార్బను మోనాక్సైడు వాసన లేని విషము. హ్యాండుబ్రేకు వేసి, గేరు న్యూట్రలులో నుంచి, చక్రములకు రాళ్ళడ్డుపెట్టవలెను. పైపంచెలు, చున్నీలు, వ్రేలాడు చేతులుగల చొక్కాలు ఇంజను దగ్గఱకు రాకూడదు. రేడియేటరు ఫ్యాను ఇంజను ఆపిన తరువాత సైతము తనంతట తాను తిరుగవచ్చును. వేడిమీద రేడియేటరు మూత ముట్టరాదు. విద్యార్థులు పెద్దలు దగ్గఱ లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

మొదట దోషమున్నదో లేదో నిశ్చయించుకొనుడు. చల్లని ఇంజను తొలి నిమిషములలో 1200 మొదలు 1500 చుట్లు తిరుగుట ఆరోగ్యమే. ఏ.సీ. వేసినప్పుడు కొంచెము పెరుగుటయు సహజమే. ఏ.సీ. కట్టి, రేడియేటరు ఫ్యాను ఒకసారి తిరిగి ఆగువఱకు వేచి, అప్పటి వేగమును కాగితముమీద వ్రాసికొనవలెను. తొందరపడి యీ మెట్టు దాటినవారు లేని జబ్బునకు మందు వెదకుదురు.

ఇప్పుడు తలుపును చూతము. క్రింద పఱచిన చాప పెడలునకు అడ్డుపడినదా? ఇది నవ్వదగిన ప్రశ్నగా తోచునుగాని తఱచు జరుగునదే. పిమ్మట బానెటు ఎత్తి, యాక్సిలరేటరు తీగెకు కొంచెము వదులున్నదో లేదో చూడవలెను. తీగె బిగిసియున్నచో థ్రాటిల్ చేతి తన ఆనుపు మరను తాకదు. 2014లో తయారీ నిలిచిన మారుతి 800 బండ్లలో పాతవి, అంబాసిడరు పెట్రోలు బండ్లలో పాతవి కార్బురేటరు గలవి. వానియందు చోకు తీగె లోనికి పూర్తిగా పోక నిలిచిపోవుటయు కలదు. తీగె సరిగానున్నచో, ఇంజను ఆపి, థ్రాటిల్ బిళ్ళ అంచులయందు నల్లని మసి పేరుకొన్నదేమో చూచి, అందులకై అమ్మెడు క్లీనరు ద్రవమును మెత్తని గుడ్డపై చల్లి తుడువవలెను. క్రొత్త కార్లలో తీగె లేదు, బిళ్ళను మోటారు త్రిప్పును. దానిని వ్రేలితో బలవంతముగా కదపరాదు, లోపలి పండ్లచక్రములు విఱుగును.

తలుపు సరిగా మూసికొన్నచో గండిని వెదకవలెను. ఇచ్చట కొంచెము నిలువవలసియున్నది. సముద్రమట్టమునకు దగ్గఱనున్న మన యూళ్ళలో వెలుపలి గాలి పీడనము సుమారు 30 అంగుళముల పాదరసము. నిలుకడగా తిరుగుచున్న ఆరోగ్యవంతమైన ఇంజను మానిఫోల్డునకు వాక్యూము గేజి తగిలించినచో 18 మొదలు 21 అంగుళములవఱకు చూపును. అనగా లోపల మిగిలిన పీడనము మూడవవంతు మాత్రమే. కావున రంధ్రమెంత సన్ననిదైనను వెలుపలి గాలి బలముగా లోనికి దూఱును, దూఱునప్పుడు బుసకొట్టును. మన ఆరాధనాలయమున చినిగిన తిత్తిగల హార్మోనియమును వాయించిన బాలురకు ఈ ధ్వని పరిచితమే. సన్నని రబ్బరు గొట్టము ముక్క నొకదానిని చెవియొద్ద నుంచుకొని, రెండవ కొనను ప్రతి గొట్టము వెంట, ప్రతి అతుకు వెంట మెల్లగా జరిపినచో బుస యెచ్చట హెచ్చునో తెలియును. తిరుగు బెల్టులకు, ఫ్యానుకు దూరముగా నుండుడు.

చెవికి తెలియనిచో నీటిని ఉపయోగింపవచ్చును. అతుకులపై సబ్బునీటిని కుంచెతో కొలదిగా పూసినపుడు వేగము ఒక్కక్షణము తగ్గినయెడల అచ్చటనే గండి యున్నది. విద్యుత్తు తీగెల అతుకులమీద నీరు పడనీయరాదు. కొందఱు ఈ పనికి పెట్రోలు చల్లుదురు, మఱికొందఱు అగరువత్తి పొగ పట్టుదురు. కాలుచున్న సైలెన్సరు గొట్టము ప్రక్కను, పెట్రోలావిరి నడుమను ఆ రెండును చేయదగినవి కావు. మా విద్యార్థు లెవ్వరును చేయరాదు.

బ్రేకు బూస్టరునకు వేఱుగా సులభమైన పరీక్ష కలదు. ఇంజను ఆపి, బ్రేకు పెడలును గట్టిపడువఱకు నాలుగైదుసార్లు త్రొక్కి, త్రొక్కిపట్టియే ఇంజను నడపవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగినచో మంచిది. దిగనిచో గొట్టమునో బూస్టరునో అనుమానింపవలెను. అది తేలువఱకు కారు రోడ్డెక్కరాదు.

కొల్లేటి యంచు గ్రామమునుండి ఒక విద్యార్థి తండ్రిగారు తమ కారును మా బడి ఆవరణకు తెచ్చిరి. నిలుకడ వేగము 1700. పైగా అది నిలువక రెండువేలకు లేచుచు, దిగుచు ఊగుచుండెను. ఒక మరమ్మతు షెడ్డువారు ఆనుపు మరను వెనుకకు త్రిప్పి, కొంత తగ్గించి, కంప్యూటరు మార్చవలెనని చెప్పియుండిరి. తండ్రిగారు ఆ డబ్బునకై ఆ పంట ధాన్యము అమ్మజూపుచుండిరి. బ్రేకు పెడలు ఱాతివలె గట్టిగానుండెను. అది చూచి మేము బాలురచేత బూస్టరు గొట్టము వెంట చెవి పెట్టించితిమి. గొట్టము అడుగుప్రక్క ఎలుక కొఱికిన గంటు దొరకినది. కారును ధాన్యపు బస్తాల ప్రక్క షెడ్డులో నుంచుదురట. క్రొత్త గొట్టము వేసినపిమ్మట వేగము దిగినది, కాని మఱీ దిగి ఇంజను ఆఱిపోయినది. ఏలయన ఆనుపు మర తన చోట లేదు. మరపై కర్మాగారమువారు పెట్టిన రంగు గుర్తు కొంత మిగిలియుండుటచేత దానిని తిరిగి సరిపఱచితిమి. ఆ సాయంకాలము కారు 850 చుట్లతో నిలిచినది. ధాన్యము గాదెలోనే యున్నది. మరను త్రిప్పవద్దని మేము విద్యార్థులకు మాటిమాటికి చెప్పుట ఇందులకే. గండి పూడ్చకుండ తలుపును మఱింత బిగించిన లస్కరుని ఎవరు మెచ్చుకొందురు?

వేగము ఊగుటకు కారణము గూడ చెప్పదగినది. కాలు తీసియున్నను చుట్లు హెచ్చుగా నున్నచో, కారు పల్లమున దిగుచున్నదని కంప్యూటరు తలంచి పెట్రోలు ఆపును. వేగము పడిపోవును. వెంటనే మరల పెట్రోలిచ్చును. మరల లేచును. 1788లో జేమ్సు వాట్టు ఆవిరియంత్రమునకు అమర్చిన గుండ్ల గవర్నరు చేసినదియు ఇట్టి కాపలా పనియే. మన బియ్యపు మిల్లుల పాత నూనె యింజనులకు గవర్నరులుండెడివి.

గాలిని కొలుచుటలో కంప్యూటరునకు రెండు పద్ధతులు గలవు. కొన్ని కార్లలో కొలత సెన్సరు ముఖద్వారముననే యుండి, లోనికి పోవు గాలిని లెక్కించును. దిగువ గండినుండి వచ్చు గాలి దాని కంటబడదు. పెట్రోలు చాలదు; ఇంజను వణకును, ఒక్కొక్కప్పుడు ఆఱిపోవును. చిన్న కార్లలో పెక్కింటియందు సెన్సరు మానిఫోల్డులోని పీడనమును, అనగా బోదెలోని నీటిమట్టమును చూచును. గండి గాలివలన మట్టము పెరుగగానే దానికి తగిన పెట్రోలిచ్చును. ఇంజను సాఫీగానే పరుగెత్తును. ఒకే గండి ఒక కారులో వణకును, ఇంకొకదానిలో పరుగును కలిగించుట విద్యార్థులు గమనింపదగినది.

మూడవ కారణమును త్వరగా ముగింతుము. ఐడిల్ కంట్రోలు వాల్వు మసిచేత తెఱచియే బిగుసుకొనిపోవచ్చును. అట్టిది విప్పి శుభ్రపఱచిన చాలును. లేదా వేడిని చెప్పు సెన్సరు చెడి, మరుగుచున్న ఇంజనును చల్లగానున్నదని చెప్పుచుండును. కంప్యూటరు ఆ మాట నమ్మి ప్రక్క గొట్టమును తెఱచును. రేడియేటరు నీరు తగ్గి ఆ సెన్సరు నీటికి పైన మిగిలినను ఇదే ఫలము. కావున ఇంజను చల్లారిన పిమ్మట నీటిమట్టము చూచుడు. కారునకు తగిలించు చిన్న స్కానరు ఉన్నచో ఇంజను వేడి యెంతయని కంప్యూటరు అనుకొనుచున్నదో అంకెలలో కనబడును. నిలుకడ వేగము ఉండవలసినదానికంటె హెచ్చుగానున్నదని తెలుపు సంకేతము పి 0507. అది దోషమును చెప్పునుగాని కారణమును చెప్పదు.

మానిఫోల్డు గాస్కెట్టు మార్చుట, బూస్టరు విప్పుట ఇంటి పనులు కావు. వానిని నేర్పరియైన మెకానిక్కునకు విడువవలెను. అతనియొద్దకు పోవునప్పుడు చల్లని వేగము, వేడి వేగము, ఏ.సీ. వేసినప్పటి వేగము, బుస వినవచ్చిన చోటు వ్రాసిన కాగితమును తీసికొనిపొండు. థ్రాటిల్ తుడిచిన తరువాత గాని బ్యాటరీ తీగె విప్పిన తరువాత గాని కొన్ని కార్లు తమ నిలుకడను మరల నేర్చుకొనవలసియుండును. ఆ విధానము కారుతో నిచ్చిన పుస్తకమున నున్నచో దాని ప్రకారము చేయుడు. డీజిలు ఇంజనుల వేగమును నడపునది గాలి కాదు, నూనె. వానికి ఈ పాఠము వర్తింపదు.